మిద్దె మీది పని

మీ నాయిన తెచ్చిన కొత్త టీవీ గోడకు సగం ఉన్నది. దానికి వచ్చే వైరు ఏ దారిన వస్తుందో చూసిండ్రా అని అడిగితె ఒక్కలు కూడ మాట్లాడలేదు. జర మంట దగ్గరికి జరిగి కూసోండ్రి, చెప్త. నా పని దినాలన్ని ఆ వైరు ఎంబడే పోయినయి.

టీవీ కొనేటోళ్లు ఎప్పుడైన డబ్బానే చూస్తరు. ఎన్ని ఇంచులు, ఏ కంపెనీ, అప్పట్లైతె చెక్క పెట్టెకు జరిపే తలుపులున్నయా లేవా. పదిమందిల చెప్పుకునేది గదే గదా. బొమ్మ మంచిగ వచ్చుడు, రాకపోవుడు మాత్రం ముప్పాతిక మందం మిద్దె మీదనే తేలిపోతుండె. యాంటెనా ఎటు దిక్కు చూస్తున్నది, ఎంత ఎత్తుల ఉన్నది, వైరు ఎసొంటిది, యాంటెనాకు వైరుకు జాయింటు ఎట్ల ఏసిండ్రు. వేలకు వేలు పోసి టీవీ తెచ్చినోళ్లు వైరు కాడికి వచ్చెసరికి గజానికి ఎంత అని బేరం చేస్తుండిరి. నాకు అప్పుడూ పాణం గిలగిల అయ్యేది, ఇప్పుడూ అయితది.

మన దిక్కు టీవీ అంటె హైదరాబాదు స్టేషన్. 1977 అక్టోబరుల మొదలైంది. రామంతాపూర్ స్టూడియో అంటె అప్పట్ల పెద్ద పేరు. కని అంతకు రెండేండ్ల ముందుగాలనే కొన్ని పల్లెలోళ్లు టీవీ చూసిండ్రు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం మీదికెల్లి ఆరు రాష్ట్రాలల్ల సుమారు 2,400 ఊర్లకు ప్రోగ్రాములు పంపిండ్రు. అండ్ల అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం ఒకటి. సైట్ అనేటోళ్లు దాన్ని. టీవీ సెట్లు మన హైదరాబాదు ఈసీఐఎల్‌ల తయారైనయి. ఊరూరికి 10 అడుగుల గొడుగు యాంటెనా పెట్టిండ్రు, కోళ్ల దొడ్డికి కట్టే ఇనుప జాలితోని చేసింది. మా ఉస్తాదు అది చూసొచ్చి మాకు మల్ల మల్ల చెప్పేటోడు. జాలి అగ్గువదే, కని వంపు కొలత ఎక్కడ తప్పనియ్యలేదు, జాలి ఒక్క కాడ సొట్టపోయినా ఆడ పడ్డ సిగ్నల్ నడిమికి చేరదు అని. వస్తువు అగ్గువది తెచ్చినా సరే, కొలత అగ్గువ చెయ్యొద్దనేటోడు.

ఉస్తాదు అంటె రేడియో మెకానిక్కు. వాల్వు రేడియోల కాలం మనిషి. నేను ఆయన దుకాణంల చేరిన్నాడు మొట్టమొదలు నేర్పింది టీవీ తెరుసుడు కాదు, వైరు చెక్కుడు. బ్లేడు పెట్టి గుండ్రంగ తిప్పితె లోపలి రాగి మీద గాటు పడ్తది, గాటు పడ్డ తీగె గాలికి ఊగి ఊగి ఆన్నే తెగుతది. గందుకే బ్లేడును పెన్సిల్ చెక్కినట్టు వాలుగ పెట్టి పై తొడుగు మాత్రమే తియ్యాలె. ఒక పూటంత తుంట వైరు ముక్కల మీద గదే పని చేపిచ్చిండు. నాకు అప్పుడు కోపమొచ్చింది గని, తర్వాత ఎన్ని మిద్దెలెక్కినా తెగిన వైర్లల్ల సగం అట్ల గాటు పడి తెగినయే కనిపిచ్చినయి.

యాంటెనా చూసిండ్రు గదా, బొమ్మలల్లనన్న. చేప ముల్లు లెక్క ఉంటది. నడిమిట్ల ఒక మడత కడ్డీ, దాని పేరు డైపోల్, సిగ్నల్ పట్టేది గదే. వెనక పొడుగు కడ్డీ రిఫ్లెక్టర్, ముందర పొట్టి కడ్డీలు డైరెక్టర్లు. పొట్టి కడ్డీలు స్టేషన్ దిక్కుకు చూడాలె. ఉల్టా పెట్టినోళ్లను ఎంతమందిని చూసిన్నో! కడ్డీ పొడుగు ఊరికె పెట్టింది కాదు, ఛానల్‌ను బట్టి ఉంటది. నాలుగో ఛానల్‌కు డైపోల్ రెండు మీటర్ల పైన ఉండాలె. పై బ్యాండు ఛానళ్లకు ముప్పావు మీటరు అటిటు చాలు. దుకాణపోళ్లు ఏది ఉంటె అది అంటగట్టి పంపేటోళ్లు. జనం దాన్ని మిద్దె మీద పెట్టి బొమ్మ వస్తలేదని టీవీని కొడుతుండిరి.

మన భువనగిరికి హైదరాబాదు దగ్గర దగ్గర 50 కిలోమీటర్లు. పడమరకు, జరంత దక్షిణంగ. పట్నంల ఉన్నోళ్లకు టీవీ వెనక రెండు గొట్టాల యాంటెనా లాగితె బొమ్మ వచ్చేది. మనకు ఎత్తు కావాలె. జీఐ పైపులు ఒకదాండ్ల ఒకటి దూర్చి బోల్టు బిగిచ్చి లేపుతుంటిమి. పైపు కింద బండ పెట్టాలె. పైన కట్టె బిరడా కొట్టాలె, లేకుంటె వాన నీళ్లు నిండి లోపలికెల్లి తుప్పు పడ్తది. మూడు దిక్కుల స్టే వైర్లు సమానంగ గుంజి కట్టాలె. వాటిని పిట్టగోడ ఇటుకలకు కట్టద్దు, స్లాబుల కొక్కెం ఏసి దానికి కట్టాలె. పిట్టగోడకు కడితె గాలి దుమారానికి పైపు, గోడ రెండు కలిసి పడ్తయి.

ఇంకొక లెక్క ఉండె ఉస్తాదుకు. పైపు లేపేకంటె ముందు మిద్దె మీద నిలబడి చుట్టు కరెంటు తీగెలు చూడాలె. పైపు ఎంత పొడుగు ఉన్నదో దానికి ఒకటిన్నర వంతు దూరంల తీగెలుంటెనే చెయ్యి పెట్టాలె. అది తప్పితె, ఎంత పెద్ద మనిషి ఇల్లైనా సరే, పని చెయ్యమని వాపస్ వచ్చేటోళ్లం. పక్క ఊర్లె ఒక పిలగాడు ఒక్కడే పైపు లేపబొయ్యిండు. గాలికి పైపు ఒరిగి పెద్ద లైను మీద పడ్డది. ఇరవై ఏండ్లు కూడ లేవు వానికి. చిన్న ఇల్లు, తల్లి ఒక్కతే. ఆ ఇంటికి పోయొచ్చినంక ఉస్తాదు చాన దినాలు దుకాణంల రేడియో పెట్టలేదు.

ఇగ గుట్ట ముచ్చట. మన గుట్ట అంత ఒకటే బండ, 500 అడుగుల ఎత్తు. గుట్ట చాటుకు ఉన్న ఇండ్లకు సిగ్నల్ సరిగ అందదు, ఆళ్ల బాధ ఒకటి. గుట్టకు హైదరాబాదు దిక్కున్న ఇండ్లకు సిగ్నల్ మస్తు ఉంటది, కని బొమ్మ పక్కన ఇంకొక బొమ్మ. శాంతి స్వరూప్ గారు 1983 నుంచి తెలుగు వార్తలు చదువుతుండిరి, అందరికి ఇంటి మనిషి లెక్క. ఆయన ముఖం పక్కన పల్చగ ఇంకొక ముఖం. టీవీ ఖరాబైందని పట్నం మోసుకపొయ్యి చూపిచ్చుకొచ్చినోళ్లు ఉన్నరు. టీవీల ఏమీ లేదు. సిగ్నల్ ఒకసారి నేరుగ యాంటెనాకు తాకి, పైకెల్లి పొయ్యి బండకు కొట్టుకొని మర్లొచ్చి మల్లొకసారి తాకుతున్నది. ఆ రెండోది ఆలస్యంగ వస్తది గనుక కుడి దిక్కుకు జరిగి కనిపిస్తది.

దీనికి ఒక లెక్క ఉన్నది, చెప్తె మీకు కూడ సమజైతది. టీవీల బొమ్మ గీతలు గీతలుగ వస్తది. ఒక గీత ఎడమ నుంచి కుడికి పోయెటందుకు 52 మైక్రోసెకన్లు పడ్తది. సిగ్నల్ ఒక మైక్రోసెకనుల 300 మీటర్లు పోతది. 20 ఇంచుల టీవీ మీద ఒక మైక్రోసెకను అంటె 8 మిల్లీమీటర్లు. నేను స్కేలు తీసి అద్దం మీద పెట్టి ముక్కుకు ముక్కుకు నడుమ ఎంత ఉన్నదో కొలుస్తుంటి. 24 మిల్లీమీటర్లు ఉన్నదనుకో, 900 మీటర్లు ఎక్కువ తిరిగొచ్చింది. పొయ్యి మర్లొచ్చిన తొవ్వ అది, అంటె బండ 450 మీటర్ల దూరంల ఉన్నది. మిద్దె ఎక్కి చూస్తె గుట్ట మొఖం సరిగ్గ అంతే దూరంల నిలబడి ఉండేది. ఆ లెక్క కుదిరిన్నాడు నాకు కలిగిన సంబురం ఏ కూలి పైసలకూ కలగలేదు.

దీనికి మందు టీవీల లేదు. వెనక రిఫ్లెక్టర్ ఒక కడ్డీ ఉన్న కాడ మీదొకటి కిందొకటి కలిపి మూడు కడ్డీలు పెడ్తిమి, వెనకకెల్లి వచ్చేది తగ్గింది. పక్కకెల్లి, ఏ నీళ్ల ట్యాంకుకో తాకి వచ్చేదైతె యాంటెనాను జరంత పక్కకు తిప్పాలె. తిప్పితె అసలు బొమ్మ బలం కూడ కొంచెం తగ్గుతది. ఇంటోళ్లు వద్దు వద్దు అంటరు, ఇందాకనే మంచిగుండె అంటరు. బలం కొంచెం తగ్గినా ఆ రెండో బొమ్మ నీడ పోతె కండ్లకు హాయిగుంటదని కూసోబెట్టి చూపిచ్చి ఒప్పియ్యాలె. 1982ల రంగుల బొమ్మ వచ్చినంక ఈ నీడలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుండె.

బొమ్మ మొత్తం పక్కకు జరిగి రెండోది కనిపిస్తె గుట్టనో ట్యాంకో అనుకోవాలె. అట్ల కాకుండ అంచులు మాత్రం లావైతె, అక్షరాలు అలుక్కపోయినట్టుంటె, అది వైరు కాడ తప్పు. యాంటెనా డైపోల్ 300 ఓములు. దానికి చదును రిబ్బన్ వైరు కూడ 300 ఓములే, సరిపోతది. తర్వాత గుండ్రటి కోయాక్సు వైరు వచ్చింది, అది 75 ఓములు. నడుమ బాలన్ అని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలె, అగ్గువదే. చాన మంది అది పెట్టకుండ వైరును తీసుకపొయ్యి డైపోల్‌కు మెలిపెడుతుండిరి. కుదరని కాడ సిగ్నల్ కొంత వెనుకకు తంతది, వైరుల అటిటు తిరుగుతది. ఇరవై మీటర్ల వైరుల తిరిగితె ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుగుడే, గందుకే రెండో బొమ్మ కనిపియ్యదు, అంచు లావైతది.

రిబ్బన్ వైరును ఇనుప పైపుకు అంటిచ్చి కట్టుడు ఇంకొక తప్పు. రెండు తీగెల నడుమనే కాదు, చుట్టు గాలిల కూడ నడుస్తది సిగ్నల్. ఇనుమును తాకితె అది మింగుతది. గందుకే పైపుకు ప్లాస్టిక్ కొక్కేలు పెట్టి, వైరును పైపుకు ఎడంగ, అడుగుకొక మెలిక తిప్పుకుంట దించుతుంటిమి. మెలిక తిప్పితె రోడ్డు మీద పోయే స్కూటర్ ప్లగ్గు గీతలు తగ్గుతయి. రిబ్బన్ వైరు వానకు తడిస్తె బొమ్మ సన్నబడ్తది, రెండు మూడు ఎండకాలాలకు పై తొడుగు పగులుతది. అది ఎన్నటికి ఉండే సామాను కాదని ముందే చెప్పాలె ఇంటోళ్లకు. చెప్పకుండ పైసలు తీసుకపోయినోళ్లే ఎక్కువ.

వైరుకు అసలు పగోడు నీళ్లు. కోయాక్సు లోపల జాలి అల్లిక ఉంటది. పైన ఒక్క సందు దొరికినా నీళ్లు ఆ అల్లిక పట్టుకొని మెల్లగ కిందికి దిగుతయి. ఒక ఇంట్ల టీవీ వెనక పిన్ను ఊడదీస్తె సుక్క నీళ్లు నా ఏలు మీద పడ్డయి. మిద్దె మీద వాన పడి పదిహేను దినాలైంది. తొడుగు చీరి చూస్తె ఎర్రగ మెరవాల్సిన రాగి నల్లగ బొగ్గు లెక్క ఉన్నది. మెరిసే రాగి కనిపించేదాక కోసుకుంట పోవాలె. ఆ ఇంట్ల కోసుకుంట పోతె పై కొన దాక నలుపే, వైరంత మార్చినం. ఆళ్లు అంతకు ముందు రెండుసార్లు టీవీ రిపేరు పైసలు కట్టుకున్నరు.

గందుకే ఉస్తాదు జాయింటు అంటె నాకు ఇప్పటికి కండ్ల ముందర ఉంటది. అల్యూమినియం కడ్డీ మీద రాగిని నేరుగ పెట్టేటోడు కాదు, ఆ రెండు తాకి తడి తగిలితె తెల్లగ పొడి రాలి తినేస్తది. నడుమ వాషర్. రాగిని స్క్రూ బిగిచ్చే దిక్కుకే చుట్టాలె, అప్పుడు బిగిచ్చిన కొద్ది లోపలికి పట్టుకుంటది. పైన గ్రీసు. జాయింటు డబ్బా మూత కింది దిక్కుకు. ఆ మీద ఎంసీల్ ముద్ద. ఆన్నుంచి వైరు దింపేకాడ ఒక వంక వదిలిపెట్టాలె, కిందికి ఏలాడే వంక. వాన నీళ్లు వైరు పట్టుకొని వస్తె ఆ వంక అడుగుకొచ్చి రాలిపోతయి. ఇంట్లకు పొయ్యే కాడ ఇంకొక వంక. గోడకు బొక్క కొట్టేది లోపలికెల్లి బయటికి దిగుబాటుగ కొట్టాలె. ఈ వంకకు మూరెడు వైరు ఎక్కువ పడ్తది. ఆ మూరెడు వైరు మిగిలిచ్చినోళ్ల గోడలన్ని చెమ్మ పట్టినయి.

మిద్దె మీద ఒకడు పైపు తిప్పుడు, దర్వాజల ఒకడు, టీవీ ముందర ఒకడు, వచ్చిందా వచ్చిందా అని ఒర్లుడు, ఈ సంగతి మీ నానమ్మ చాన సార్లు చెప్పింది. ఒక ముక్క మాత్రం చెప్త. పైపు పట్టుకున్నప్పుడు బొమ్మ వస్తది, చెయ్యి ఇడిచిపెడితె పోతది. మనిషి ఒళ్లు కూడ సిగ్నల్‌కు అడ్డమో ఆసరనో అయితది. అట్లయ్యిందంటె ఆడ జాయింటు వదులైందని, లేకుంటె సిగ్నల్ అంచు మీద ఉన్నదని అర్థం. దిక్కు తిప్పుడు బంద్ చేసి జాయింటు చూడాలె. ఎవ్వలు చూస్తరు? శుక్రవారం చిత్రలహరి మొదలైతదంటె అందరికి తొందరే. 1987 జనవరిల రామాయణం మొదలైనంక ఆదివారం తొమ్మిదిన్నరకు బొమ్మ లేకుంటె వాడకట్టంత మా మీదికి వస్తుండె. శనివారం మాపటికి నేను ఏ మిద్దె మీద ఉన్ననో మీ నానమ్మకు కూడ తెల్వకపోతుండె.

బూస్టర్లు వచ్చినంక ఇంకొక రోగం. బూస్టర్ అంటె ఉన్నదాన్ని పెద్దగ చేసేది. యాంటెనా కాడనే పెట్టాలె, వైరుల బలం తగ్గకముందే. కరెంటు దానికి అదే వైరుల కిందికెల్లి పైకి పంపొచ్చు. అందరు టీవీ పక్కన పెట్టుకుంటుండిరి, ఎక్కి దిగే బాధ లేదని. అప్పటికే వైరుల సగం పొయ్యి, బొమ్మల సుక్కలు కలిసి వచ్చినదాన్ని పెద్దగ చేస్తె సుక్కలు కూడ పెద్దగైతయి గదా. పైసలు పెట్టి సుక్కలు కొనుక్కున్నట్టే అయ్యింది.

1984ల సర్కారు చాన కాడ చిన్న స్టేషన్లు పెట్టింది. దేశంల దినానికొకటి అన్నట్టు లేసినయి, 100 వాట్లవి. అవి దగ్గరున్న కాడ యాంటెనా పని సులువైంది, పైపులు పొట్టిగైనయి.

ఆ తర్వాత కేబుల్. 1991 గల్ఫ్ యుద్ధం అయినంక పట్నంల మొదలు, 1995ల ఈటీవీ, జెమినీ వచ్చినంక మన దిక్కు ఇంటింటికి. చుట్టాలను పిలిచినట్టు కేబులోళ్లను పిలిచిండ్రు. నేను కూడ కొన్నాళ్లు ఆ పని చేసిన గనుక చెప్తున్న, మంచిగ చేసినోళ్లు లేకపోలేదు. కని మిద్దె మీద ఒక ఇంటిది ఒక ఇంటోళ్లు చూసుకునే పని, స్తంభం మీదికి పోయినంక ఎవ్వనిదీ కాకుంట అయ్యింది. వైరును రెండుగ చీలిస్తె ఒక్కొక్క దాంట్ల బలం సగం. ఇంటింటికి చీల్చుకుంట పోయి వాడ చివరింటికి సుక్కలు. చీల్చే డబ్బాకు పైసలు ఎందుకని రాగికి రాగి మెలిపెట్టి టేపు చుట్టుడు. వాడకుండ ఇడిసిన కొనకు 75 ఓముల మూత పెట్టాలె, అది పెట్టకుంటె ఆన్నుంచి వెనుకకు తన్ని పక్కింటి బొమ్మ చెడగొడ్తది. అగ్గువ వైరు తెచ్చి లోపలి జాలి విప్పి చూస్తె ఏళ్ల మీద లెక్కపెట్టేటన్ని తీగెలే. కనెక్షన్ తీసేసినా వైరు దించరు, కొత్తది దాని మీదనే ఏస్తరు. చూస్తుండంగనే కరెంటు స్తంభాలు ఊడలు దిగిన మర్రి చెట్లైనయి.

2025 ఆగస్టుల రామంతాపూర్‌ల కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తాకి మనుషులు పోయిండ్రు. ఆ తర్వాత పట్నమంత స్తంభాల మీది కేబుళ్లు కోసిండ్రు. కట్టలు కట్టలుగ రోడ్డు మీద పడ్డ వైర్లను టీవీల చూసిన. అండ్ల సగానికి సగం ఎన్నడో చచ్చిన వైర్లు. ఎక్కేటప్పుడు ఒక్కొక్కటి దించుకుంట పోతె ఇంత కాకపోతుండె.

ఇప్పుడు గొడుగు ప్లేట్లొచ్చినయి, అన్ని దక్షిణం, ఆగ్నేయం దిక్కులకు మొఖం పెట్టుకొని ఉన్నయి. గుట్ట నీడ లేదు, సుక్కలు లేవు. బొమ్మ ఉంటె మొత్తం ఉంటది, లేకుంటె గడులు గడులుగ ఇరిగిపోతది. వానకు పోతె వాన అంటరు. వాన పెద్దదైతె నిజమే. సన్నని తుంపరకే పోతున్నదంటె మాత్రం ప్లేటు బోల్టు వదులై దిక్కు తప్పిందనో, వైరు కొన కాడ చెమ్మ చేరిందనో చూడాలె. మీ నాయిన ప్లేటుకు వచ్చినోడు వైరును బిగదీసి గుంజి కొట్టిపొయ్యిండు, వంక లేదు. నేను పొద్దుగాల చూసిన. రేపు వాన్ని పిలిచి కొన తీసి మెరిసే రాగి దాక కోపిచ్చి, కొత్త కనెక్టర్ పెట్టిచ్చి, వంక ఇడిపిచ్చుండ్రి. అడిగితె పైసలు ఎక్కువ ఇయ్యుండ్రి.

ఇంకొకటి. 2022 నాటికి దూరదర్శన్ పాత స్టేషన్లు చాన మటుకు బందైనయి, యాంటెనాతోని ఎవ్వలకు పని లేదు. కని పైపులు దించలేదు. మన వాడల కూడ ఎన్నో మిద్దెల మీద నిలబడి ఉన్నయి, అడుగు తుప్పు పట్టి, స్టే వైర్లు రెండు తెగి ఒకటి మిగిలి. వాటికి బట్టలారేసే తాడు కడుతున్నరు. ఎండకాలం గాలి దుమారాలు మొదలయ్యేకంటె ముందు ఇంటింటికి పొయ్యి చెప్పుండ్రి. దించేటందుకు ముగ్గురు ఉండాలె, ఒక్కలు పోవద్దు. మొదలు తీగెల దూరం చూడాలె. స్టే వైరు ఇప్పేకంటె ముందు పైపుకు తాడు కట్టి రెండు దిక్కులకెల్లి పట్టుకోవాలె. కరెంటు లైను దగ్గరుంటె చెయ్యి పెట్టొద్దు, కరెంటాఫీసుకు చెప్పి లైను బంద్ చేపిచ్చినంకనే ముట్టాలె. నన్ను తోలుకపోతె నేను కింద నిలబడి చెప్త.